వెలిగే మొక్క సంగతి

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. ఎర్ర గేదె ఈనింది, పెయ్యదూడ. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. ప్రాజెక్టు హడావిడిలో ఉంటావని మేమూ ఊరుకున్నాం.

నిన్న శ్రీను మామయ్య వచ్చాడు. సంక్రాంతికి నువ్వు చీకట్లో వెలిగే మొక్క తెచ్చి పెరట్లో నాటుతావట. సుజాత చెప్పిందట. పిల్లలు అప్పుడే కుండీ కడిగి పెట్టుకున్నారు. నిజమేనా అమ్మా?

సూది లేని సిరంజితో ఆకు అడుగువైపు నుంచి బ్యాక్టీరియా ఎక్కిస్తున్న వీడియో పంపావు కదా, అమ్మ ఇరుగుపొరుగు అందరికీ చూపించింది. ఆకు మీద తడి మచ్చ అలా పాకుతుంటే నాకూ ముచ్చటేసింది. చెట్ల మొదళ్లలో కంతులు తెప్పించే ఆ ఆగ్రోబ్యాక్టీరియానే, వెలుగునిచ్చే జన్యువులను ఆకులోకి మోసుకెళ్లే బండిగా వాడుకోవడం గొప్ప తెలివి. మీరు వాడే మొక్క పొగాకు జాతిది అన్నావు కాబట్టే నా బెంగ. తాతయ్య నారుమడికి పొగాకు గింజల్ని ఇసుకలో కలిపి చల్లేవారు. గసగసాలకన్నా సన్నం. చున్నీ మడతలో నాలుగు ఇరుక్కున్నా కనపడవు. ఆకులో ఎక్కించింది గింజకు పోదన్నావు, సరే. ఇప్పుడు గింజలదాకా నిలిచే మొక్కలు చేస్తున్నామన్నావు కదా, నా భయం వాటి గురించే.

అమెరికాలో 2024 నుంచి పుట్టగొడుగు జన్యువులతో చీకట్లో వెలిగే పెటూనియా పూలమొక్కలు అమ్ముతున్నారంటే, అక్కడి వ్యవసాయ శాఖ పరిశీలించి సరేనన్నాకే. మన దగ్గర ఇలా జన్యువులు మార్చిన మొక్కల్ని అనుమతి లేకుండా బయట నాటకూడదని 1989 నుంచే నిబంధనలున్నాయి. నువ్వు ప్రాజెక్టు చేస్తున్న ఐజెమ్‌లో, అదే జన్యువులతో కొత్తవి తయారుచేసే విద్యార్థుల పోటీలోనూ, వాటిని ల్యాబ్ గడప దాటించకూడదు కదా.

బీటీ పత్తి, అదే పురుగును చంపే జన్యువు చేర్చిన పత్తి, వచ్చిన రోజులు నీకు గుర్తుండవు. 2002లో అనుమతి వచ్చింది. తర్వాత మన ఊళ్లో అందరూ అదే. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. పురుగుకు మామూలు పత్తి కూడా దొరికితే బీటీకి తట్టుకునే పురుగులు త్వరగా పెరగవని లెక్క. చాలామంది ఆ పొట్లం గట్టున పారేశారు. తాతయ్య మాత్రం పట్టుబట్టి వేయించేవారు, నాలుగు వరుసల దిగుబడి పోతుందని పెదనాన్న గొడవపడినా సరే. తర్వాత గులాబీ రంగు పురుగు వచ్చింది. పూలు విచ్చుకోకుండా గుడ్డిపూలయ్యాయి. పైకి నిండుగా ఉన్న కాయ చిదిమితే లోపల గింజ తొలిచి, దూది పసుపు పట్టి ఉండేది. మా చేను వేరు కాబట్టి మాకు రాలేదా? వచ్చింది. పురుగుకు గట్టు ఉండదు కదా. ఒకరి చేలో జరిగింది ఊరందరి మీదా పడుతుంది. నువ్వు చేసేది తప్పని కాదమ్మా, మీ వాళ్లంతా ఇలాంటివి నేర్చుకోవాలనే నా కోరిక. కానీ వాడేసిన మొక్కలు, మట్టి, గ్లౌజులు అన్నీ ఆటోక్లేవ్‌లో, అదే వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో, వేశాకే పారేయాలి. ల్యాబ్ కోటు హాస్టల్‌కు తేవద్దు. చెప్పులు దులుపుకో.

రాత్రిళ్లు ల్యాబ్‌లోనే బిస్కెట్లతో సరిపెడుతున్నావని కూడా విన్నాం. ల్యాబ్‌లో తినకూడదని నీకే తెలుసు. సున్నుండలు బస్సులో పంపాం, డబ్బా మూత గట్టిగా పెట్టు, చీమలు పడతాయి.

ఆదివారం ఫోన్ చెయ్యి. ముందు మొక్క సంగతి చెప్పు, పిల్లలకు నేను ఏదో ఒకటి చెప్పాలి.

మీ నాన్న