కొత్త వెర్షన్‌లో రాత్రి కాపీ ఎందుకు పడలేదంటే

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న విశాఖ దుకాణదారులకు నమస్కారం.

కొత్త వెర్షన్ వేశాక కొన్ని షాపుల్లో రాత్రి లెక్క ముగించేటప్పుడు ‘బ్యాకప్ ఫోల్డర్ లేదు’ అని వచ్చి, ఆ రోజు కాపీ పడలేదు. కురుపాం మార్కెట్ వెండి దుకాణం వారు అందరికంటే ముందు పట్టుకుని ఫోన్ చేశారు. మీ బిల్లులు, స్టాకు, బాకీల ఖాతాలు భద్రంగా ఉన్నాయి. పడనిది వాటి నకలు మాత్రమే.

సాఫ్ట్‌వేర్‌ను మీ కంప్యూటర్‌లో వేసే ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాలర్ అంటారు. దాని తయారీని బయటివాళ్లకు అప్పగించాం. వాళ్లు వాడిన ఇన్నో సెటప్ 1997 నుంచి ఉన్న పనిముట్టు, దాన్ని తప్పుపట్టను. అందులో ఫోల్డర్ పేరు రాసి నక్షత్రం గుర్తు పెడితే పైనున్న ఫైళ్లే వస్తాయి. లోపలి ఫోల్డర్లూ రావాలంటే ‘రికర్స్‌సబ్‌డిర్స్’ అని చేర్చాలి. చేర్చారు. కానీ అది ఖాళీ ఫోల్డర్లను వదిలేస్తుంది. వాటికి ‘క్రియేట్‌ఆల్‌సబ్‌డిర్స్’ అని కూడా రాయాలి. అది రాయలేదు. మా దగ్గర బ్యాకప్ ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది, అందులో ఎవరి బిల్లులుంటాయి? ఇన్‌స్టాలర్ కిక్కురుమనకుండా ‘పూర్తయింది’ అంది. పాత వెర్షన్ మీద వేసుకున్నవారికి ఆ ఫోల్డర్ ముందే ఉంది కనుక తేడా తెలియలేదు. కొత్త కంప్యూటర్ కొన్నవారే దెబ్బతిన్నారు. ఇన్‌స్టాలర్ చేసినవాళ్లను అడిగితే “ఖాళీ ఫోల్డరే కదండీ” అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. వాళ్ల డబ్బు పైసాతో సహా ఇచ్చేశాను, పని మాత్రం ఇక ఇవ్వను.

“ఇన్‌స్టాలర్ ఎందుకు, పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ మొత్తం తెచ్చి కాపీ చేసేయండి” అని మీలో చాలామంది అన్నారు. ఒప్పుకుంటే ఒక్క పూటలో తేలిపోయేది. నిద్ర పట్టనంతగా ఆలోచించాను. ఫోల్డర్‌కు ఫోల్డర్ కుమ్మరిస్తే మీరు దిద్దుకున్న బిల్లు నమూనా మీద మాది వచ్చి కూర్చుంటుంది. డాబా గార్డెన్స్ చీరల షాపు ఆవిడ బిల్లు అడుగున ‘ఫాల్ కుట్టిన చీర వాపసు తీసుకోం’ అని తెలుగులో వేయించుకున్నారు. ఆ ఒక్క వరుసలో ఒత్తులు చెదరకుండా అచ్చు కావడానికి ఫాంట్లతో ఎంత కుస్తీ పట్టామో ఆవిడకు తెలుసు. దాన్ని తుడిచేసి ‘సరిచేశాం’ అనమంటారా? అనను. ఆలస్యమైందని కోప్పడేవారు కోప్పడండి.

కొత్త ఇన్‌స్టాలర్ మేమే రాసుకున్నాం. బ్యాకప్ ఫోల్డర్‌ను పేరు పెట్టి విడిగా సృష్టిస్తుంది, సాఫ్ట్‌వేర్ తీసేసినా దాన్ని ముట్టుకోదు. బిల్లు నమూనా ఉంటే దాని జోలికి పోదు, లేకపోతేనే మాది పెడుతుంది. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ చెరిపేసినా ఇకపై ప్రోగ్రామే మళ్లీ పెట్టుకుంటుంది. ఏమీ లేని కంప్యూటర్ మీదా, పాత వెర్షన్ ఉన్నదాని మీదా వేసి చూశాకే బయటికి పంపుతాం.

గాజువాక నుంచి మధురవాడ వరకు ఎవరు పిలిచినా మా కుర్రాడు వచ్చి ఉచితంగా వేసి వెళ్తాడు. అంతవరకు షాపు మూసే ముందు ‘ఎగుమతి’ నొక్కి పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు ఉంచుకోండి. రాత్రి కాపీ సరిగా పడుతున్నవారు ఏమీ చేయనక్కర్లేదు.