మన నూలు, అల్లిక సంఘం: ఈ ఏడాది వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో ఆదివారం పొద్దున కూర్చుని రాట్నం తిప్పడం ఈ ఏడు కూడా ఆగలేదు. ఎండాకాలంలో మాత్రం 6 గంటలకే మొదలుపెట్టినాం, ఎందుకంటే ఎండ ఎక్కి గాలి పొడిబారితే పోగు ఊరికే తెగిపోతా ఉంది, దూదికి కాస్త తేమ ఉంటేనే బలం.

కొత్తగా చేరినవాళ్ళకి ముందు తకిలీ (చేత్తో తిప్పి నూలు వడికే చిన్న సాధనం), తర్వాతే పెట్టె రాట్నం (పెట్టెలో అమర్చిన రాట్నం). కార్తీకమాసానికి ఇంట్లో వత్తులు చేసుకునే అమ్మలకి పోగు లాగడం రెండో వారానికే వచ్చేసింది, దూది ఎంత వదలాలో వాళ్ళ వేళ్ళకి ముందే తెలుసు కదా. ఒకసారి తెప్పించిన ఏకులు (వడకడానికి చుట్టిపెట్టిన దూది) నిండా గింజ ముక్కలు, ఉండలు. కూర్చుని చేత్తో ఏరుకున్నాం. ఖాదీకి పేరున్న పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేస్తారంటే ఎందుకో ఆ రోజు బాగా అర్థమైంది.

ఈ ఏడాది అసలు కష్టం అల్లికలో వచ్చింది. నూలు చూసిన సంబరంలో ఆగలేక ఒంటి పోగుతోనే సూదులు పట్టేసినాం. ముందుపక్కంతా నిట్, వెనకపక్కంతా పర్ల్ (అల్లికలో రెండు మూల కుట్లు ఇవే), చదరంగా రావాల్సిన ముక్క ఒక పక్కకి వాలిపోయింది. స్టిచ్‌లు మళ్ళీ మళ్ళీ ఎంచినాం, విప్పి అల్లినాం, అదే వాలు. తప్పు పురిది, అంటే వడికేటప్పుడు పోగుకి పడే మెలిది. ఒంటి పోగులో పురి విప్పుకోవాలని చూస్తా ఉంటుంది, ఆ బలమే అల్లికని పక్కకి లాగేస్తుంది. అప్పుడు రెండు పోగులు కలిపి, వడికిన దిక్కుకి ఎదురుగా పురి పెట్టి, చిలప (నూలు చుట్ట) కట్టి నీళ్ళలో ఉడకబెట్టి ఆరేసినాం. మధ్యలో పట్టుకుని వేలాడేస్తే మెలి తిరగలా. దాంతో అల్లిన ముక్క నాలుగు మూలలూ నిలబడింది, అందరం చేతులు మార్చుకుంటా చూసుకున్నాం.

ఊలు అడిగినవాళ్ళకి ఒక మాట, మన పక్క పెంచే నెల్లూరు గొర్రెకి ఊలు రాదు, ఉండేది పొట్టి వెంట్రుకే, కాబట్టి ఊలు బయటి నుంచే తెప్పించుకోవాల. నూలుతో టోపీ అల్లేవాళ్ళు అంచు బిగువుగా అల్లండి, నూలు ఊలు లాగా సాగి మళ్ళీ దగ్గరికి రాదు.

జమాఖర్చులు మీటింగ్‌లో చదువుతాం. ఇంటికి తీసుకెళ్ళిన రాట్నాలు ఆ రోజుకి తెచ్చేయండి, కదురు (పోగు చుట్టుకునే పుల్ల) వంగిపోయి ఉంటే మీరు సరిచేయకుండా అట్లాగే తెండి, మేం చూసుకుంటాం.