నా పెదవిలో ఏం పెట్టారో రాతపూర్వకంగా చెప్పండి

క్లినిక్ యాజమాన్యానికి,

విషయం: పై పెదవి ఇంప్లాంట్ ఆపరేషన్ తర్వాత వచ్చిన సమస్యలు, మీ సిబ్బంది పట్టించుకోకపోవడం, నా రికార్డులు ఇవ్వకపోవడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

ఎనిమిది నెలల క్రితం మీ క్లినిక్‌లో పై పెదవికి ఇంప్లాంట్, అంటే పెదవి నిండుగా కనపడటానికి కోసి లోపల అమర్చే వస్తువు, పెట్టించుకున్నాను. ఐదు వారాలు తిరక్కుండానే దాన్ని వేరే ఆసుపత్రిలో తీయించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మీ హెల్ప్‌లైన్‌కు పదకొండు సార్లు ఫోన్ చేశాను, నాలుగు ఈమెయిళ్లు పంపాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని దానంతటదే వచ్చే జవాబు ఒకటి వచ్చింది, అంతే. అందుకే ఇప్పుడు ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఒక విషయం ముందే చెప్తాను. నోటి దగ్గర చేసే ఏ ఆపరేషన్‌కైనా ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. నోట్లో సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి, ఎంత మంచి డాక్టర్ చేసినా ఒక్కోసారి ఇలా అవుతుంది. సమ్మతి పత్రంలో ఆ మాట ఉంది, చదివే సంతకం పెట్టాను. కాబట్టి ఇన్‌ఫెక్షన్ ఎందుకు వచ్చిందని నేను మిమ్మల్ని నిలదీయడం లేదు. రాకుండా చేయాల్సినవి చేయలేదు, వచ్చాక చూడలేదు, నా ఒంట్లో పెట్టిన వస్తువు ఏమిటో ఈ రోజుకీ చెప్పలేదు. నా ఫిర్యాదు వాటి మీద.

నేను మొదట మీ దగ్గరికి వచ్చింది ఫిల్లర్ కోసం, అంటే పెదవి నిండుగా కనపడటానికి సూదితో ఎక్కించే మందు కోసం. అంతకుముందు రెండు సార్లు హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ వేయించుకున్నాను, కొన్ని నెలలకు అది కరిగిపోయేది. మీ కౌన్సెలర్ గారు "మాటిమాటికీ సూదులెందుకు మేడమ్, ఇంప్లాంట్ పెట్టించుకోండి, ఒక్కసారితో అయిపోతుంది" అన్నారు. నచ్చకపోతే ఎలా అని అడిగాను. "ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు, పది నిమిషాల పని, మీ పెదవి మళ్లీ ముందులాగే ఉంటుంది" అన్నారు. ఇదే మాట మీ బ్రోచర్‌లోనూ అచ్చు వేశారు. నేను ఒప్పుకున్నది ఈ ఒక్క మాట నమ్మే. నేను వేయించుకున్నలాంటి ఫిల్లర్ నచ్చకపోతే హైలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించొచ్చు. ఇంప్లాంట్‌ను కరిగించే మందు లేదు, మళ్లీ కోసి తీయాల్సిందే. అలా తీసిన పెదవి ముందులాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ తేడా నాకు కౌన్సెలర్ చెప్పలేదు, డాక్టర్ గారూ చెప్పలేదు. ఆయన నాతో మాట్లాడింది మొత్తం ఐదు నిమిషాలు.

ఆపరేషన్‌కు ముందు ఇచ్చిన ఫారంలో "పెదవి మీద పొక్కులు వస్తుంటాయా?" అనే ప్రశ్న ఉంది. అవును అని టిక్ పెట్టాను. జ్వరం వచ్చినప్పుడల్లా నాకు పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయని నర్సుతో నోటితో కూడా చెప్పాను. అవి హెర్పిస్ వైరస్ వల్ల వస్తాయని, పెదవి మీద కత్తి పడితే ఆ వైరస్ మళ్లీ లేచే అవకాశం ఉంటుందని, అందుకే ఇలాంటి వాళ్లకు ముందే యాంటీవైరల్ మాత్రలు ఇస్తారని నాకు తర్వాత తెలిసింది. ప్రశ్న మీ ఫారంలోనే ఉందంటే ఈ సంగతి మీకూ తెలుసన్నమాట. మరి జవాబు ఎవరు చదివారు? నాకు మాత్రలు ఇవ్వలేదు. ఐదో రోజుకే కుట్ల పక్కన పొక్కులు లేచి చితికి పుండ్లయ్యాయి.

ఆ రోజే మీ నంబర్‌కు ఫోన్ చేశాను. "వాపు మామూలే, ఐస్ పెట్టండి" అన్నారు. పన్నెండో రోజుకు కుడి మూల ఎర్రబడి, ముట్టుకుంటే సలపరం, నొక్కితే చీము. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం మర్నాడు సాయంత్రం వచ్చింది, అదీ ఒక యాంటీబయాటిక్ పేరు. నన్ను ఎవరూ పిలవలేదు, చూడలేదు, చీము పరీక్షకు పంపలేదు. ఐదు రోజుల కోర్సు అయ్యాక కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇంకో కోర్సు రాశారు, అదీ ఫోన్‌లోనే. నాలుగో వారంలో ఒక ఉదయం పళ్లు తోముకుంటుంటే నోటి మూలలో తెల్లగా ఏదో తగిలింది. అన్నం మెతుకేమో అనుకుని నాలుకతో నెట్టాను. కదల్లేదు. అది ఇంప్లాంట్ కొస. చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చేసింది. టెన్షన్‌తో చేతులు వణుకుతూ మీకు ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ తొమ్మిది రోజుల తర్వాతే అన్నారు.

అప్పుడు వేరే సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పింది మీకు తెలియనిది కాదు, కానీ మీరెవరూ నాకు చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. "చూడమ్మా, క్రిములు ఒకసారి ఇంప్లాంట్ మీద చేరితే జిగురు పొరలా అల్లుకుంటాయి. దాన్ని బయోఫిల్మ్ అంటాం. ఇంప్లాంట్‌కు రక్తప్రసరణ ఉండదు, మందు ఆ పొరలోకి సరిగా పోదు. పైగా కొస బయటపడింది. ఇక ఎన్ని కోర్సులు వాడినా లాభం లేదు, తీసేయాలి" అన్నారు. అంటే నేను మీ మాట విని మింగిన రెండో కోర్సు రోజులన్నీ వృథా. ఆ రోజుల్లో లోపల కండ ఇంకా చెడింది.

తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "లోపల పెట్టింది సిలికానా, ఈపీటీఎఫ్‌ఈనా?"

నాకు తెలియదు. నా డిశ్చార్జ్ కాగితంలో "లిప్ ఇంప్లాంట్, పై పెదవి" అని ఉంది, అంతే. అది ఎందుకు తెలియాలో ఆయనే చెప్పారు. గట్టి సిలికాన్ చుట్టూ ఒంట్లో ఒక పొర కడుతుంది, కండ దాన్లోకి అల్లుకోదు, చిన్న కోత పెట్టి జారించి లాగొచ్చు. ఈపీటీఎఫ్‌ఈ టెఫ్లాన్ జాతి పదార్థం, సన్నటి రంధ్రాలుంటాయి, కండ ఆ రంధ్రాల్లోకి పెరుగుతుంది. దాన్ని చుట్టూ విడదీసుకుంటూ తీయాలి. ఏ పనిముట్లు సిద్ధం చేసుకోవాలో, ఎంతసేపు పడుతుందో, ఎంత మచ్చ మిగులుతుందో అన్నీ దాన్ని బట్టే. అక్కడి నుంచే మీ క్లినిక్‌కు ఫోన్ చేసి నా ముందు ఆయనే మాట్లాడారు. "అది ఇంటర్నల్ రికార్డు సార్, ఇవ్వలేం" అన్నారు మీవాళ్లు. నా పెదవిలో ఉన్నది నాకు ఇంటర్నల్ రికార్డు ఎలా అవుతుంది?

అది ఏ రకమో తెలియకుండానే ఆయన పెదవి తెరిచారు. రంధ్రాలున్న రకమే. మీ పది నిమిషాల పనికి గంటంబావు పట్టింది, అదీ రెండు ముక్కలుగా వచ్చింది.

ఇప్పుడు నా పెదవి ఎలా ఉందో చెప్తాను. లోపల తాడులాంటి గట్టి మచ్చ కట్టింది. కుడి మూలలో స్పర్శ లేదు, నీళ్లు తాగితే అటు నుంచి కారుతున్నట్టు కూడా తెలియదు. నేను చిన్నపిల్లలకు చదవడం నేర్పే టీచర్ని. ప, ఫ, బ, భ, మ అనాలంటే రెండు పెదవులూ కలవాలి. పిల్లలు నా నోరు చూసి అక్షరం పట్టుకుంటారు. మొదటి మూడు నెలలు "మ" అన్నప్పుడల్లా మూల పట్టేసేది, "ప" గాలిలా పోయేది. ఇప్పుడు కొంత నయం. మసాజ్ చేసుకుంటున్నాను. మచ్చ మెత్తబడటానికి నెలలు పడుతుందని, అప్పటిదాకా పెదవికి ఏదీ చేయించుకోవద్దని సర్జన్ గారు గట్టిగా చెప్పారు.

ఇంత జరిగాక మొన్న మీ పేజీలో నా పెదవి ఫోటో చూశాను. ముఖం కత్తిరించారు కానీ పై పెదవి మీది పుట్టుమచ్చ నాదే. ఆపరేషన్ అయిన మూడో రోజు, చెకప్ అప్పుడు తీసిన ఫోటో అది. ఆ నిండుదనం వాపు. దాని కింద "శాశ్వత ఫలితం" అని రాశారు. ఫోటోలు కేస్ ఫైల్ కోసమే అని నేను సంతకం పెట్టిన కాగితంలో ఉంది. అది చూసి ఇంకో అమ్మాయి మీ దగ్గరికి వస్తుందని తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

నాకు కావాల్సింది ఇది. నా కేస్ ఫైల్ మొత్తం, ఆపరేషన్ నోట్‌తో సహా, ఇంప్లాంట్ తయారీదారు పేరు, రకం, సైజు, లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పే అంకె) రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంప్లాంట్ పెట్టె మీద వచ్చే స్టిక్కర్ పేషెంట్ ఫైల్‌లో అంటించాలి, నా ఫైల్‌లో అది లేకపోతే లేదని కూడా రాసివ్వండి. ఇది నా పట్టుదల కోసం అడగడం లేదు. 2010లో ఫ్రాన్స్‌లో ఒక కంపెనీ రొమ్ము ఇంప్లాంట్లలో పరిశ్రమలకు వాడే సిలికాన్ నింపిందని బయటపడింది. అలాంటప్పుడు తమ ఒంట్లో ఎవరి సరుకు ఉందో కాగితం లేని మనిషి ఏం చేయాలి? యూరోపియన్ యూనియన్ 2017లో తెచ్చిన వైద్య పరికరాల నిబంధనలో పేషెంట్‌కు ఇంప్లాంట్ కార్డు ఇవ్వాలని ఉన్నది ఇందుకే. తీసిన రెండు ముక్కలూ నా దగ్గర సీసాలో భద్రంగా ఉన్నాయి.

ఆపరేషన్‌కు నేను కట్టిన డబ్బు, తీయించుకోవడానికి అయిన ఖర్చు తిరిగి ఇవ్వండి. యాంటీవైరల్ ఎందుకు ఇవ్వలేదో, చీము పట్టిన పేషెంట్‌ను ఎందుకు పిలిచి చూడలేదో ఆపరేషన్ చేసిన డాక్టర్ గారి సంతకంతో జవాబు కావాలి. హెల్ప్‌లైన్‌లో మాట్లాడిన అమ్మాయి మీద చర్య తీసుకున్నామని మాత్రం రాయకండి. ఆమె చేతిలో ఉన్న కాగితం చదివింది. ఆ కాగితం మార్చండి. చీము, జ్వరం, ఇంప్లాంట్ బయటపడటం అనే మాటలు వినపడితే ఆ రోజే డాక్టర్‌కు చూపించేలా రాయండి. బ్రోచర్‌లో "ముందులాగే ఉంటుంది" అన్న వాక్యం తీసేయండి.

వీటికి పదిహేను రోజులు ఆగుతాను. జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వైద్య మండలికి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఫోటోకు మాత్రం పదిహేను రోజుల గడువు లేదు. ఈ ఉత్తరం అందిన రోజే తీసేయండి.

జతచేసినవి: డిశ్చార్జ్ కాగితం, వాట్సాప్ సందేశాలు, రెండో ఆపరేషన్ నోట్, వారం వారం తీసిన ఫోటోలు.

ఇట్లు,
మీ పేషెంట్