ఆ డైట్ చార్టు మా వంటింట్లో పనికిరాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండాశయాలు సరిగ్గా పనిచేయక నెలసరి తప్పే సమస్య) ఉన్నవాళ్లు బరువు తగ్గడానికని ఒక డైట్ చార్టు వేశారు. పొద్దున్న బాదం పాలతో ఓట్స్, మధ్యాహ్నం కినోవా సలాడ్, సాయంత్రం అవకాడో టోస్టు, రాత్రికి సూపు. అన్నం బంద్, పాలు బంద్, అరటిపండు బంద్. ఇది ఎవరి కోసం వేశారో గానీ, విశాఖ సీతమ్మధారలో అయిదుగురున్న ఇంట్లో పొద్దున్నే బాక్సులు సర్ది ఆఫీసుకి పరిగెత్తే నాలాంటిదాని కోసం మాత్రం కాదు. ఒక్క అవకాడో డబ్బుతో డజను కోడిగుడ్లు వచ్చేస్తాయి. పోనీ డబ్బు సంగతి వదిలేయండి, ఇంటిల్లిపాదికీ ఒక వంట, నాకొక్కదానికీ ఇంకో వంట అంటే ఎన్నాళ్లు సాగుతుంది? వారం తిరక్కుండానే మా అత్తయ్య "నీరసించిపోయావు, ముందు కాస్త పప్పన్నం తిను తల్లీ" అంటారు. ఆవిడ అన్నదాంట్లో తప్పు కూడా లేదు.

కాలేజీ రోజుల నుంచీ నాకు పీసీఓడీ ఉంది. కాస్త లావుగా కనిపిస్తే చాలు, నోరు కట్టుకోలేకే అని ఎదుటివాళ్లు తేల్చేస్తారు. లోపల జరిగేది వేరు. మాలో చాలామందికి రక్తంలో చక్కెరని అదుపు చేసే ఇన్సులిన్ ఉన్నా కండరాలూ కాలేయం దాని మాట సరిగ్గా వినవు, దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలని ఎగదోసి మగ హార్మోన్లు పెంచుతుంది, నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు అన్నీ అక్కణ్నుంచే. పొట్ట చుట్టూ కొవ్వు చేరేకొద్దీ ఈ గొడవ ఇంకా ముదురుతుంది. సన్నగా ఉన్నవాళ్లకీ వస్తుంది, కాకపోతే వాళ్లని ఎవరూ అనుమానించరు.

మా ఆఫీసులో ఒకమ్మాయికి మెడ వెనక మడతల్లో చర్మం నల్లబడి, ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డలా మందంగా ఉండేది. వాళ్లమ్మ స్నానానికి ముందు శనగపిండీ నిమ్మచెక్కా పెట్టి రుద్దేదట, మంట పుట్టి ఎర్రబడేదే తప్ప నలుపు పోలేదు. అది మురికైతే కదా పోవడానికి, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే చాలామందికి చర్మం అలాగే మారుతుంది. చేయించాల్సింది షుగర్ పరీక్ష, పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలయ్యాక ఇంకోసారి. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ ముందుండి నడిపించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు 2023లో కొత్తగా వచ్చాయి, వయసూ బరువూ ఎంతైనా సరే పీసీఓడీ ఉన్నవాళ్లకి షుగర్ చూడమని వాటిలో ఉంది. మీ పేజీలో ఈ ముక్క ఎక్కడా లేదు.

అదే మార్గదర్శకాలు తిండి దగ్గరికొచ్చేసరికి, ఫలానా డైటే మిగతావాటికన్నా మేలని చెప్పడానికి ఆధారం లేదంటున్నాయి. మనిషికి నచ్చి, వాళ్ల ఇంటి అలవాట్లకి కుదిరి, మానకుండా తినగలిగే మంచి తిండైతే చాలట. మరి అన్నం మీద అంత కక్ష ఎందుకు? ఇరవై కిలోలు తగ్గాలని భయపెట్టడం కూడా అనవసరం. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిలో పడుతుంది, అంటే 80 కిలోలున్న మనిషికి 4 నుంచి 8 కిలోలు.

నేను తినేది చెప్తాను, అందరికీ ఇదే సరిపోతుందని కాదు. పళ్లెంలో ముందు కూర వడ్డించుకుంటాను, ఆనపకాయో బీరకాయో తోటకూరో, సగం పళ్లెం దాకా. తర్వాత పప్పు. మనం పప్పుని ముద్దకి అంటించుకుని తినే రకం కదా, అలా కాకుండా గట్టి పప్పు కప్పు నిండా. పప్పు లేని రోజు గుడ్డో చేపో. మిగిలిన చోట అన్నం. కూరా పప్పూ ముందు తిని అన్నం చివర్న తింటే షుగర్ ఒక్కసారిగా ఎగరదు. పొద్దున్న ఇడ్లీకన్నా పెసరట్టుతో నాకు ఆకలి బాగా ఆగుతుంది, పదకొండింటికి ఎవరైనా బిస్కెట్ల ప్యాకెట్ విప్పినా అటు చూపు పోదు. చేపలంటే వంజరమే కొనక్కర్లేదు, హార్బర్ నుంచి వచ్చే కవళ్లు చవక, ఒమేగా-3 కొవ్వులూ బాగా ఉంటాయి. వేపుడొద్దు, పులుసు పెట్టుకోండి.

ఈ మధ్య చిరుధాన్యాల మోజొకటి. చోడి (రాగి) అంబలి మా ఉత్తరాంధ్రలో తాతల నాటి నుంచీ తాగుతున్నదే, మంచిదే. కానీ చోడి పిండి మెత్తగా పట్టించి, బెల్లం దండిగా వేసి పెద్ద గ్లాసుతో తాగితే షుగర్ పెరక్కుండా ఆగదు. బెల్లమూ తీపే, మాడుగుల హల్వా స్వచ్ఛమైన నెయ్యితో చేసినా హల్వానే. (ఎవరైనా తెస్తే నేనూ ఒక ముక్క తింటాను, దాచేదేముంది.)

నడక గురించి మీరు రాసింది ఒక్క లైను. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడక, దానితో పాటు వారంలో రెండు రోజులు కండరాలకి పని చెప్పే వ్యాయామం కావాలి, గ్లూకోజుని ఎక్కువగా వాడుకునేది కండరమే కనక. తెల్లారి బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు, ఆర్కే బీచ్ దగ్గరున్నవాళ్లకి హాయి. గాజువాక, గోపాలపట్నం వాళ్లకి ఆ భాగ్యం లేదు, మేడ మీద తిరగాల్సిందే. వంటింట్లో తెల్లారే ఆడవాళ్లకి ఎటూ ఆ టైము కుదరదు, రాత్రి తిన్నాక కాసేపు నడిచినా పనికొస్తుంది.

నాకు అసలు కోపం మా అక్క కూతురి విషయంలో. పదో తరగతి, పెద్దమనిషై మూడేళ్లు కూడా కాలేదు. రెండు నెలలు నెలసరి రాలేదని తీసుకెళ్తే ఒక చోట స్కానింగ్ చేసి, పీసీఓడీ అని రాసి, అచ్చం మీది లాంటి చార్టే చేతిలో పెట్టి పంపారు. మొదటి నెలసరి వచ్చాక 8 ఏళ్ల దాకా స్కానింగ్ చూసి ఈ సమస్య తేల్చకూడదని మార్గదర్శకాల్లో ఉంది, ఆ వయసులో మామూలు అండాశయాలు కూడా స్కానింగ్‌లో పీసీఓడీ ఉన్నట్టే కనిపించొచ్చు. ఆ పిల్ల ఇప్పుడు బాక్సులో అన్నం పెడితే సగం వెనక్కి తెస్తోంది, సాయంత్రానికి తలనొప్పంటోంది, పరీక్షల టెన్షన్ దానికి తోడు. అలాగని వదిలేయమనడం లేదు, 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే డాక్టర్ని కలవాల్సిందే, థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు కూడా చూస్తారు, అవి తేడా చేసినా నెలసరి తప్పుతుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ లాంటి మందులు డాక్టర్ రాస్తేనే వాడాలి, పక్కింటావిడ చీటీ చూసి కొనుక్కునేవి కావు. ప్రైవేటుకి వెళ్లే స్తోమత లేకపోతే ఇక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, ఆ సంగతి ఊళ్లో చాలామందికి తెలీదు.

ఇక మీ చార్టు కిందే పావు పేజీ ప్రకటన. మూడు నెలల్లో పీసీఓడీ మాయమట! ఇది మాయమయ్యే జబ్బు కాదు, అదుపులో పెట్టుకుంటూ బతికేది. ఏం ఇస్తారో కనుక్కుందామని ఆ నంబరుకి ఫోన్ చేశాను. మందు పేరు అడిగితే చెప్పలేదు, ఈఎంఐ మాత్రం వివరంగా చెప్పారు. పైన వ్యాసం, కింద ప్రకటన, రెండిట్లోనూ పీసీఓడీ మాటే ఉంటే చదివేవాళ్లు రెండూ మీరే చెప్తున్నారనుకోరా?

మళ్లీ ఈ విషయం మీద రాసేటప్పుడు ఒక డైటీషియన్‌ని సీతమ్మధార రైతుబజారుకో ఎంవీపీ కాలనీ రైతుబజారుకో తీసుకెళ్లి, అక్కడ దొరికేవాటితో, ఇంట్లో అందరికీ ఒకే వంటలో కుదిరేలా వారం రోజుల చార్టు రాయించండి. ఆఫీసు బాక్సులో పట్టేవి కూడా అందులో ఉండాలి. ఏయే పరీక్షలు అడగాలో పక్కన చిన్న బాక్సు కట్టి వేయండి. ఆ మూడు నెలల ప్రకటన మాత్రం ఆ పేజీలో వద్దు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం