బాయి లోపలి వేడి గురించి కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి

మంత్రి గారికి నమస్కారం.

భూగర్భ బొగ్గు బాయిలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాను. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ మీ శాఖ కిందే ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

బొగ్గు తవ్వే చోట, అంటే ఫేస్ దగ్గర, బనియన్ విప్పి పిండితే నీళ్లు కారేవి. బూట్లలో చెమట చేరి అడుగు వేస్తే పిచపిచమనేది. తెచ్చుకున్న నీళ్లు సగం షిఫ్టుకే అయిపోయేవి. మా పని పర్యవేక్షించే ఓవర్‌మన్ తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌ను గిరగిరా తిప్పి, క్యాప్ ల్యాంప్ వెలుగులో చూస్తుంటే, అందరం ఆయన ముఖం వైపే చూసేవాళ్లం.

2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పనిచేసే చోట ఆ తడిగుడ్డ థర్మామీటర్ చూపే అంకె, అంటే తడి బల్బు ఉష్ణోగ్రత, 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీయాలి. మంచి నిబంధనే. కానీ బాయి లోతుకు పోయేకొద్దీ ఫ్యాన్ గాలి ఒక్కటే సరిపోదు. లోపలికి దిగే గాలి ఒత్తిడికే వేడెక్కుతుంది, రాయి వేడి దానికి తోడవుతుంది. పెద్ద యంత్రాలు వాడే కరెంటు కూడా చాలావరకు వేడిగానే మిగులుతుంది. గాలిలో తేమ నిండాక చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అప్పుడే కళ్లు తిరుగుతాయి, చెయ్యి తప్పుతుంది.

దీనికి దారి కొత్తగా వెతకనక్కర్లేదు. బ్రెజిల్‌లోని మోరో వెల్హో బంగారు గనిలో 1920లలోనే గాలిని చల్లబరిచే ప్లాంటు పెట్టారు. మూడు కిలోమీటర్ల లోతు దాటిన మన కోలార్ బంగారు గని చాంపియన్ రీఫ్‌లోనూ అలాంటిది నడిచింది. దక్షిణాఫ్రికాలోని బంగారు గని ఎంపొనెంగ్‌లో పైన ఐసు ముద్ద చేసి పైపుల్లో కిందికి పంపుతారు. మన బొగ్గు బాయిలు అంత లోతు కావు. చిల్లర్ అనే శీతల యంత్రంతో నీళ్లు చల్లబరిచి, పైపుల్లో ఫేస్ దాకా తెచ్చి, అక్కడి కూలర్ మీదుగా గాలిని పంపితే చాలా తేడా కనిపిస్తుంది.

లోతైన బాయికి అనుమతి ఇచ్చేటప్పుడే ఈ ఏర్పాటు చూపించమని అడగండి. మనుషులు పడిపోయాక టెండర్ పిలిస్తే ఏం లాభం? కొలత కూడా గాలి బాగా వచ్చే జంక్షన్‌లో కాకుండా, మనిషి నిలబడి పనిచేసే చోటే ప్రతి షిఫ్టులో తీయించండి. ఆ అంకెను, దిగే ముందు దీపాలు తీసుకునే ల్యాంప్ రూమ్ ముందు బోర్డు మీద కార్మికుల భాషలో రాయించండి. దిగేవాడు దాన్ని చదువుకునే దిగుతాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బొగ్గు గని కార్మికుడు