వెనక వైపర్ మోటారు పోలేదు, బిగుసుకుంది

సంపాదకులకు నమస్కారం.

వానాకాలంలో కారు జాగ్రత్తలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. బ్రేకులు, టైర్లు, ముందు వైపర్లు అన్నీ వివరించారు. వెనక అద్దం వైపర్ ఊసే ఎత్తలేదు. వెనక భాగం నిలువుగా కోసినట్టుండే చిన్న కార్లకు అదెంత ముఖ్యమో మా కాకినాడ-రాజానగరం ఏడీబీ రోడ్డు మీద వానలో తిరిగేవాళ్లకు తెలుసు. కారు ముందుకు పోతుంటే వెనక గాలి సుడి తిరిగి, చక్రాలు చిమ్మిన బురదనంతా అద్దం మీదికి లాక్కొస్తుంది. పది నిమిషాల్లో వెనక వచ్చే లారీ కనబడదు, దాని దీపాల మసక వెలుగు తప్ప.

నేను కాకినాడలో ఉంటాను. రంగంపేట వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నా కారు వయసు ఎనిమిదేళ్లు. పోయిన అక్టోబరు వానల్లో వెనక వైపర్ ఆగిపోయింది. సర్వీసు సెంటరులో ఫ్యూజు మార్చి, స్విచ్చు నొక్కి చూసి, ‘మోటారు పోయింది మేడం, మొత్తం మార్చాలి, కూలీతో కలిపి 4,600 అవుతుంది’ అన్నారు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. కానీ వెనక తలుపుకు చెవి ఆనించినప్పుడు లోపల సన్నగా గుర్రుమనడం నాకు వినిపించింది. మోటారు చచ్చిపోతే ఆ చప్పుడెక్కడిది?

ఆదివారం ఇంట్లో విప్పాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశాను. వైపర్ ఆగి ఉన్న చోట అద్దానికి టేపు ముక్క అంటించాను, మళ్లీ అక్కడే బిగించడానికి. వైపర్ చేతి మొదట్లో ప్లాస్టిక్ మూత ఎత్తితే నట్టు ఉంటుంది. నట్టు వచ్చింది గానీ చెయ్యి రాలేదు, తుప్పుతో ఇరుసు పళ్లను పట్టేసుకుంది. ఇక్కడ స్క్రూడ్రైవర్‌ను అద్దానికి ఆనించి ఎత్తకండి, అద్దం పగులుతుంది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే అటూ ఇటూ మెల్లగా కదిపితే వచ్చేసింది. తలుపు లోపలి అట్టను చెక్క అట్లకాడతో క్లిప్పు తర్వాత క్లిప్పు వదులు చేశాను. మూడు బోల్టులు విప్పితే మోటారు చేతిలోకి వచ్చింది.

అసలు సంగతి లోపల ఉంది. మూత తీస్తే తీగ చుట్టలు, కార్బన్ ముక్కలు, పళ్లచక్రం అన్నీ శుభ్రంగా ఉన్నాయి. గ్రీజు మాత్రం ఎండి మైనంలా అయింది. చెడింది ఇరుసు ఒక్కటే. అద్దంలోంచి బయటికి వచ్చే ఆ ఇనుప ఇరుసు ఒక అల్యూమినియం గొట్టంలో తిరగాలి. గొట్టం అంచున ఉన్న చిన్న రబ్బరు రింగు ఎండకు పెళుసుబారి చీలిపోయింది. ఆ చీలికలోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగాయి. ఇరుసు మీద ఎర్ర తుప్పు, గొట్టం లోపల సున్నంలాంటి తెల్లపొడి. రెండూ కలిసి సిమెంటులా పట్టేశాయి. తిరగలేని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఫ్యూజు కాలుతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే విషయం ఇది.

ఇరుసు మీది మరచుట్లు దెబ్బతినకుండా నట్టును దాని చివర తిరిగి ఎక్కించి, చెక్క సుత్తితో చిన్నగా కొడితే కదిలింది. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త గ్రీజు పూసి, జగన్నాథపురంలో బోరు మోటార్ల సామాన్లు అమ్మే కొట్లో కొలత చూసి తెచ్చిన రింగు వేశాను. రింగు పది రూపాయలు. గ్రీజు, నూనె, ఎమరీ కలిపి 340. చెయ్యి తగిలించే ముందు మోటారును ఒకసారి నడిపి, అది తనంతట తాను ఆగే చోటికి రానిచ్చాను. వైపర్ టేపు దగ్గరే ఆగింది. అప్పటినుంచి ఒక్క రోజు మొరాయించలేదు.

మోటారు అసలు పలకకపోతే మాత్రం పైకప్పుకూ తలుపుకూ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో తీగలు చూడండి. తలుపు ఎత్తీ దించీ అక్కడ తెగుతాయి.

నాకు కోపం వచ్చింది 4,600 గురించి కాదు. ఆ రింగు విడిగా కావాలని సర్వీసు సెంటరులో అడిగితే ‘దానికి పార్టు నంబరే లేదు, మోటారుతో కలిపే వస్తుంది’ అన్నారు. విడిభాగాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తీర్పు అప్పీళ్లకు వెళ్లింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై, అంటే కొన్న వస్తువును మనకు నచ్చిన చోట బాగు చేయించుకునే హక్కుపై, కమిటీ వేసి, డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచింది. వాహనాలు అందులో ఉన్నాయి. పోర్టల్‌లో ఫోను నంబర్లు, వారంటీ వివరాలు పెడితే చాలదు. రింగు, ఇరుసు, గొట్టం, పళ్లచక్రం విడివిడిగా, ధరలతో సహా అమ్మాలి. మార్చాలని చెప్పేముందు విప్పి చూపించాలి.

మీ ఆదివారం పేజీలో ఈ పని బొమ్మలతో వేయండి. నేను తీసిన ఫోటోలు పదహారు ఉన్నాయి, అడిగిన రోజే పంపుతాను.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
కాకినాడ