ఒక కొట్టు, ఒక డేగ, 28 వేల గొట్టాలు

ఒరేయ్ వాసూ,

ఎలా ఉన్నావు? పాత బిల్డింగుల పిచ్చి నాకు అంటించింది నువ్వే కాబట్టి ఈ సోది నువ్వే భరించాలి. ఈమధ్య నన్ను పట్టుకుని వదలనిది ఫిలడెల్ఫియాలోని వనమేకర్ స్టోరు.

జాన్ వనమేకర్ 1861లో బావమరిదితో కలిసి మగవాళ్ల బట్టల కొట్టు పెట్టాడు. అక్కడ అంతర్యుద్ధం మొదలైన ఏడాది అది! అయినా నిలదొక్కుకున్నాడు. తర్వాత రైల్వే వాళ్లు వదిలేసిన సరుకుల షెడ్డు కొన్నాడు. ముందు దాన్ని క్రైస్తవ ప్రార్థన సభలకి ఇచ్చాడు. 1876లో అమెరికా నూరేళ్ల ఎగ్జిబిషన్‌కి జనం ఊళ్లోకి పోటెత్తుతున్న సమయంలో, ‘గ్రాండ్ డిపో’ అని పేరుపెట్టి అమ్మకాలు మొదలెట్టాడు. ఏం టైమింగ్ రా! బేరాల్లేవు, సరుకు మీద ధర చీటీ, నచ్చకపోతే డబ్బు వాపసు. ఇదంతా ఇతనే కనిపెట్టాడని కొందరంటారు గానీ, న్యూయార్కులో ఒకటే ధర పద్ధతి అంతకుముందే ఉంది. ఇతను దాన్ని గట్టిగా చాటుకున్నాడు, అంతే.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి కథ. షెడ్డు చాలక, ఆర్కిటెక్ట్ డేనియల్ బర్నమ్ చేత అదే స్థలంలో 12 అంతస్తుల బిల్డింగ్ కట్టించాడు. మరి వ్యాపారం ఆగకూడదు కదా? అందుకని ఒక భాగం కూల్చి అక్కడ కొత్తది లేపడం, అమ్మకాలు మిగతా చోట నడపడం, ఆ తర్వాత ఇంకో భాగం. 1904లో మొదలైతే 1911 దాకా ఇదే తంతు. ఇంట్లో ఒక్క గదికి రంగులేయిస్తేనే మనకి పిచ్చెక్కుతుంది! చివరికి అధ్యక్షుడు టాఫ్ట్ వచ్చి ప్రారంభించాడు.

లోపల గ్రాండ్ కోర్ట్ అని ఏడంతస్తుల ఎత్తున ఖాళీ వదిలేశాడు. అంత చోట ఎన్ని కౌంటర్లు పట్టేవో! అక్కడున్న రెండు వస్తువులూ 1904లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్ నుంచి వచ్చినవే. ఒకటి కంచు డేగ. ఈకలు విడివిడిగా చేసి అతికించినవి, బరువు వెయ్యి కిలోల పైమాటే. అందుకే కింద నేలకి అదనంగా దూలాలు వేయాల్సి వచ్చింది. “డేగ దగ్గర కలుద్దాం” అనడం ఊరివాళ్లకి మామూలైపోయింది.

రెండోది పైప్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాద్యం. 13 గూడ్సు పెట్టెల్లో తెచ్చారు. పది వేలకు పైగా గొట్టాలున్నా ఆ హాలుకి శబ్దం ఆనలేదట! దాంతో స్టోరు పై అంతస్తులోనే సొంత వర్క్‌షాప్ పెట్టి, 28 వేలు దాటేదాకా గొట్టాలు కలుపుతూ పోయారు. తండ్రి పోయాక కొడుకు రాడ్‌మన్‌దీ అదే వరస. బట్టల కొట్టువాళ్లకి ఇదేం పిచ్చో గానీ, నాకు మాత్రం ముచ్చటేసింది.

తర్వాత బోర్డులు మారాయి. లార్డ్ అండ్ టేలర్ అనే స్టోరు వచ్చింది, 2006లో మేసీస్ వచ్చింది, 2025 మార్చిలో అదీ మూతపడింది. చొక్కాలు ఎక్కడైనా దొరుకుతాయి, స్టోరు పోయిందని నాకు పెద్ద బెంగలేదు. కానీ ఆ ఆర్గన్‌ని ఇంకో చోటికి మార్చడం అయ్యే పని కాదు, గోడల వెనక గదుల్లో అంతస్తులకి అంతస్తులు పరుచుకుని ఉంది. పైన ఆఫీసులు పెట్టుకోనీ, ఫ్లాట్లు కట్టుకోనీ, దాని జోలికి మాత్రం రాకూడదంటాను. నువ్వేమంటావు?

నీ
శ్రీను